గారు లేని అల్లుడు

ఆ ఇటుక బట్టీకి చెడ్డపేరుంది.

బట్టీ ఆరిపోయి చాలా కాలమైంది. పొగగొట్టం సగం కూలింది. మిగిలిన సగం ఏదో చెప్పబోయి మానుకున్న మనిషిలా నిలబడి ఉంటుంది. చుట్టూ పిచ్చిమొక్కలు, విరిగిన ఇటుకల గుట్టలు, ఒకప్పుడు ఇటుకలు కాల్చిన సొరంగాల్లాంటి గదులు. బస్సు ఆగే రోడ్డు నుంచి ఇళ్ళలోకి వచ్చే అడ్డదారి ఆ గదుల్ని ఒరుసుకుంటూ పోతుంది. పగలు అందరూ ఆ దారినే నడుస్తారు. దీపాలు పెట్టే వేళ దాటితే మాత్రం, ఎంత తొందర పనున్నా, చుట్టూ తిరిగే పోతారు.

అక్కడున్నది ఆడదెయ్యమంటారు. ఇందులో వింతేమీ లేదు. మన కథల్లో మగవాళ్ళు చచ్చాక కూడా పని చెయ్యరు. వింత ఏమిటంటే, ఆ దెయ్యానికి ఎవరి పేరూ తెలియదట. వరస పెట్టి పిలుస్తుందట. దారిన పోయేవాడు ఎవరికి ఏమవుతాడో దానికి తెలుసు. ఒకణ్ణి "తమ్ముడూ" అంటుంది. ఇంకొకణ్ణి "మావయ్యా" అంటుంది. పేరు పెట్టి పిలిస్తే, ఆ పేరున్నవాళ్ళు బోలెడుమంది, మనం కాదులే అనుకుని నడిచిపోవచ్చు. వరస పెట్టి పిలిస్తే... ఎవరు తిరక్కుండా ఉండగలరు? తిరిగారా — అంతే.

అంతే అంటే ఏమిటని నేను చాలామందిని అడిగాను. ఎవరూ తేల్చి చెప్పలేదు. తిరిగినవాడు ఆ తరవాత మామూలు మనిషి కాలేకపోయాడని ఒకరన్నారు. అంతకుముందు మాత్రం ఏం మామూలు మనిషని ఇంకొకరన్నారు.

ఈ సంగతి నాకు చెప్పినాయన కళ్ళజోళ్ళ దుకాణం నడుపుతాడు. దగ్గరి అక్షరాలు అలుక్కుపోవడం మొదలైన ఏడాది నాకు ఆయనతో పరిచయమైంది. ఒకరోజు నా కళ్ళజోడు కాడకు స్క్రూ బిగిస్తూ, తల ఎత్తకుండా, ఇది మొదలుపెట్టాడు. విన్నది విన్నట్టే రాస్తున్నాను. భయం పాలు మాత్రం కొంచెం తగ్గించాను. తగ్గించమని కోరింది ఆయనే.

ముందు ఆయన ఆ దారిన ఎందుకు వెళ్ళాల్సి వచ్చిందో చెప్పాలి.

ఆయన భార్య కోళ్ళుండే ఇంట్లో పుట్టి పెరిగిన మనిషి. ఆ ఇంట్లో కోళ్ళను బోనులో పెట్టి పెంచరు. తెల్లారి గూటి తలుపు తీస్తే ఎటు పోవాలో వాటిష్టం. చెత్త కెలుక్కుంటాయి, పురుగులేరుకుంటాయి, మట్టిలో పొర్లుతాయి, ఎండ ముదిరితే ఏ పొదకిందో కునుకుతాయి. మసక పడే వేళకు నూకలు చల్లి "బా... బా... బా" అంటే ఇల్లు చేరతాయి. తలుపు మూసి గడియ పెడితే ఆ రోజుకు పని ముగిసినట్టే. ఆలోచిస్తే, అంత పెద్ద వ్యవహారంలో మనిషి బాధ్యత ఆ గడియ ఒక్కటే. మిగతాదంతా కోళ్ళే చూసుకుంటాయి.

పెళ్ళయ్యాక ఆమె పట్నంలో అద్దింటి పెరట్లో కూడా కొన్ని కోళ్ళను అలాగే పెంచింది. ఒక సాయంత్రం గడియ పని ఈయన వంతుకొచ్చింది. ఈయన మరిచిపోయాడు. పొద్దున లేచి చూస్తే పెరటినిండా ఈకలు — కోళ్ళు లేవు.

ఆమె ఆ ఈకల మధ్య చాలాసేపు కూర్చుంది. ఓదార్చాలనే ఈయన దగ్గరికి వెళ్ళాడు. వెళ్ళి, "కోడే కదా" అన్నాడు.

ఈ "కదా" అనే మాట గురించి నేను అప్పుడప్పుడు ఆలోచిస్తుంటాను. చూడటానికి చిన్నది. ఏ వాక్యం చివరైనా ఒదిగిపోతుంది. కాని దాన్ని తగిలించగానే ఎదుటివాళ్ళ దుఃఖాన్ని మన తక్కెడలో వేసి, ఇదిగో ఇంతే ఉంది, మీరూ ఒప్పుకోండి అని చేతికిచ్చినట్టవుతుంది.

ఆమె ఒప్పుకోలేదు. సంచి సర్దుకుని పుట్టింటికి వెళ్ళిపోయింది. వెళుతూ గుమ్మంలో నిలబడి చెప్పింది: "ఎవర్నీ పంపొద్దు. ఫోను చెయ్యొద్దు. ఏమన్నారో మీకు అర్థమైన రోజున మీరే రండి. అర్థం కాకుండా వస్తే మాత్రం... మళ్ళీ రావక్కర్లేదు."

అంటే ఉన్నది ఒక్క అవకాశం. మాట తప్పుగా పడితే సంసారం పోయినట్టే.

కొన్ని వారాలు ఆలోచించి ఆయన బయల్దేరాడు. వస్తున్నట్టు ఎవరికీ చెప్పలేదు. అనాల్సిన వాక్యాన్ని బస్సులో కూర్చుని వల్లె వేసుకున్నాడు. బస్సు టైరు పేలింది. దిగేసరికి చీకటి పడిపోయింది.

ఎదురుగా రెండు దారులు.

చుట్టుదారిలో వెళితే అన్ని ఇళ్ళ ముందునుంచీ నడవాలి. అలిగి వెళ్ళిన భార్యను తీసుకెళ్ళడానికి వచ్చిన మగవాడు, ప్రతి గుమ్మం ముందూ, "ఏమండీ అల్లుడుగారూ, ఇప్పుడా రావడం" అనే పలకరింపు వింటూ నడవాలి. అడ్డదారిలో అయితే — దెయ్యం ఒక్కటే.

ఆయన దెయ్యాన్ని ఎంచుకున్నాడు. ఆ స్థానంలో నేనున్నా అదే చేసేవాణ్ణి.

బట్టీ దగ్గర పడుతుంటే ఇంకో పని కూడా చేశాడు. కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. కనపడని దెయ్యం లేనట్టే కదా అని ఆయన లెక్క. ఊరందరి చూపూ సరిచేసే మనిషి.

కాళ్ళ కింద ఇటుక ముక్కలు కరకరమంటున్నాయి. గాలి లేదు. కీచురాళ్ళు కూడా అరవడం లేదు... అవి ఎందుకు మానేశాయా అని ఆయన ఆలోచించబోయి, అంత ఆలోచన మంచిది కాదని మానుకున్నాడు.

అప్పుడు వినిపించింది.

"అల్లుడు..."

ఆడగొంతు. గుసగుస. బట్టీ లోపలి నుంచి.

ఆయన తిరగలేదు. తిరగలేదని ఆయన కాస్త గర్వంగానే చెప్పాడు గాని, మెడ బిగుసుకుపోయి తిరగలేకపోయాడని నా అనుమానం. కాళ్ళదీ అదే పరిస్థితి.

"...అల్లుడు ఇవాళ తప్పకుండా వస్తాడు."

దెయ్యం పిలుస్తుందని విన్నాడు. తన గురించి పక్కవాళ్ళతో చర్చిస్తుందని ఎవరూ చెప్పలేదు.

"ఎలా చెప్పగలవు?" — ఇది మగగొంతు.

"నిన్న రాలేదు. మొన్న రాలేదు. ఇవాళ ఆకలి ఆగదు."

నిజమే. పొద్దున్నుంచీ ఆయన ఏమీ తినలేదు.

"వస్తే?"

"రానీ. పూర్తిగా లోపలికి రానీ. తినడానికి తల వంచుతాడు చూడు... అప్పుడు."

"కొట్టనా, పట్టనా?"

"ముందు పట్టు. గోళ్ళు జాగ్రత్త."

ఆయన చీకట్లో తన గోళ్ళు తడిమి చూసుకున్నాడు. బయల్దేరేముందే కత్తిరించుకున్నాడు. అయినా ఎందుకో తప్పు చేసినట్టనిపించింది.

ఆడగొంతు దగ్గింది. పొడి దగ్గు, చివర సన్నటి ఈల లాంటి కూత. ఆ దగ్గు ఆయనకు తెలుసు. విస్తరి ముందు వంగి "ఇంకొంచెం వేసుకోండి బాబూ" అనే ముందు ప్రతిసారీ వచ్చే దగ్గు.

అత్తగారు.

"దెయ్యమే అయ్యుంటే బాగుండునండీ," అన్నాడు ఆయన నాతో. "దెయ్యానికి మనమంటే ప్రత్యేకంగా కోపముండదు."

బట్టీ వెనక గోడకు ఆవలే అత్తగారిల్లన్న సంగతి ఆయనకు అప్పుడు గుర్తొచ్చింది. ఆ మగగొంతు బావమరిదిది. అతను బళ్ళో డ్రిల్లు మాష్టారు. గుసగుసలాడినా వరసలో నిలబెట్టినట్టే ఉంటుంది.

"నాకెందుకో జాలేస్తుందమ్మా," అంటున్నాడు డ్రిల్లు మాష్టారు. "వాడిదీ ఆకలేగా."

"జాలేమిటి?"

ఈ మూడో గొంతు ఈయనకు బాగా తెలుసు. అది ఆయన భార్య.

"ఈ ఇంటికొచ్చి వాడు తిన్న కోళ్ళను తలుచుకుంటే నాకు నిద్ర పట్టడం లేదు. మంచి మంచివి ఏరుకుని తిన్నాడు. పెట్టలనైనా వదల్లేదు."

పెళ్ళయినప్పటి నుంచీ ఆ ఇంట్లో తాను తిన్న కోళ్ళన్నీ ఆయన కళ్ళముందు బారులు తీరాయి. తొడలు, రెక్కలు, వద్దు వద్దంటూనే వేయించుకున్న రెండో వడ్డనలు. ఇవన్నీ ఎవరో మనసులో రాసుకుంటున్నారని ఆయనకు ఎప్పుడూ తోచలేదు.

"పట్టుకుని ఎక్కడైనా దూరంగా వదిలేసి వద్దాం," అన్నాడు డ్రిల్లు మాష్టారు.

"వదిలితే దారి పట్టుకుని మళ్ళీ వస్తాడు," అంది అత్తగారు. "సిగ్గా, శరమా. సంచిలో కట్టి, మూతి బిగించి, ఏరు దాటించి వదలాలి. ఒకటి గుర్తుంచుకో. తోక గనక చేతికి దొరికితే, తెగినా సరే, వదలకు."

ఆయన చెయ్యి తనకు తెలియకుండానే వెనక్కి వెళ్ళిందట.

ఇక అక్కడ నిలబడి లాభం లేదని నిశ్చయించుకున్నాడు. వాక్యం సంగతి ఉత్తరంలో రాయొచ్చు. ఒక అడుగు వెనక్కి వేశాడు. కింద ఇటుక దొర్లింది — గుడగుడమంటూ వాలులోకి, చాలాసేపు, అవసరమైన దానికంటే చాలా ఎక్కువసేపు...

లోపల గుసగుసలు ఆగిపోయాయి.

తరవాత, ఊపిరి కంటే మెల్లగా:

"వచ్చాడు."

ఆయన పరుగెత్తాడు. రోడ్డువైపే పరుగెత్తాననుకున్నాడు. కళ్ళజోడు జేబులో ఉంది గదా. పరుగెత్తింది బట్టీ గదిలోకి.

లోపల కాటుక చీకటి. నుదురు గోడకు కొట్టుకుంది. చుట్టూ ఏవో ఊపిరి పీలుస్తున్నాయి. పైన, పక్కన, గూళ్ళలో... చిన్న చిన్న ఊపిర్లు. అంతలో కాలి పిక్కను ఏదో రాసుకుంటూ పోయింది. మెత్తగా. బొచ్చుతో.

అప్పుడు తన నోటినుంచి వచ్చిన శబ్దం తనదని ఆయన ఈ రోజుకూ ఒప్పుకోడు.

ఆ నిమిషంలో ఏదో ఒకటి పట్టుకోవాలి. చేతులు చాచాడు. వెచ్చటిది ఒకటి దొరికింది, గుండెలకు హత్తుకున్నాడు. అవతలినుంచి దాన్ని ఎవరో లాగుతున్నారు. ఆయనా లాగాడు. వేలి మీద సూదులు దిగినట్టయింది. వదల్లేదు. వదిలితే తానొక్కడే మిగులుతాడు.

పైనుంచి వల పడింది.

వెంటనే టార్చి వెలిగింది. ఆ వెలుతురులో ముందుగా గోడమీద రెండు పచ్చటి కళ్ళు కనిపించాయి. ఒక్క క్షణం. తరవాత ఆ కళ్ళు చీకట్లోకి దూకేశాయి. మిగిలింది వాలీబాల్ నెట్టు, నెట్టులో ఈయన, ఈయన గుండెల మీద ఒక ఎర్రపెట్ట. గూళ్ళలో చుట్టూ కూర్చున్న కోళ్ళు మెడలు చాచి ఈయనను ఆసక్తిగా చూస్తున్నాయి.



"బావా?" అన్నాడు డ్రిల్లు మాష్టారు.

భార్య టార్చిని ఈయన ముఖం మీదినుంచి తియ్యలేదు. "ఎందుకొచ్చారు?" అంది.

ఇంట్లో ఆమె ఈయనను "నువ్వు" అనే అంటుంది. కోపం ముదిరినప్పుడే "మీరు".

ఆయన నోరు తెరిచాడు. బస్సంతా వల్లె వేసిన వాక్యం ఒక్క ముక్కా లేదు.

"ముందు కోడినివ్వండి బాబూ," అంది అత్తగారు. నెట్టు సందులోంచి ఎర్రపెట్టను అందుకుని, రెక్క ఎత్తి, వేళ్ళతో ఈకలు పాయలు చేసి చూసింది. అక్కడ చిన్న గాటు, దాని చుట్టూ తడి. ఆమె ముఖం మారిపోయింది.

"అల్లుడి నోట్లోంచి లాగేశారే," అంది.

ఆయన మూతి తుడుచుకున్నాడు. "నా నోట్లోంచా అండీ?"

"మీ నోరు కాదు బాబూ. అల్లుడి నోరు."

"నేనేగా అల్లుణ్ణి."

"మీరు అల్లుడుగారు. నేననేది అల్లుడు. మా వాళ్ళెవరైనా ఎప్పుడైనా మీకు 'గారు' తగ్గించారా, చెప్పండి."

ఆ ఇంటికి అల్లుడు ఆయనొక్కడే. వేరే అల్లుడెవరో ఉన్నాడన్న వార్త ఆయనకు దెయ్యం కంటే పెద్ద దెబ్బయింది. భార్యవైపు చూశాడు. ఆమె పెదవి కొరుక్కుంటూ పక్కకు చూస్తోంది.

"అదే బావా," అని డ్రిల్లు మాష్టారు సర్దబోయాడు. "మీసాలుంటాయి. అడుగు చప్పుడు కాకుండా వస్తాడు. కోడి కనపడితే ఆగడు..."

ఈయనకు మీసాలున్నాయి.

"ఊరుకోరా," అంది అత్తగారు. "చీకట్లో అన్ని గుర్తులు చెప్పకు. విని వస్తాడు."

అందరూ ఇంట్లోకి నడిచారు. అత్తగారు తలుపేసింది. కిటికీ మూసింది. దీపం పెంచింది. అప్పుడు ఈయన చెవి దగ్గరికి వంగి, చేతులు అడ్డం పెట్టుకుని, చాలా రహస్యంగా ఒకే ఒక్క మాట చెప్పింది:

"బావురుపిల్లి."

ఆ ఇంటి పద్ధతి అది. రాత్రిపూట పామును పురుగనేవాళ్ళు మనకూ తెలుసు. ఆ ఇంట్లో కోళ్ళను ఎత్తుకుపోయే పిల్లికి కూడా ఆ మర్యాద దక్కింది. చీకటి పడ్డాక దాని పేరు వినపడితే పిలిచారనుకుని వస్తుందట. అందుకని మారుపేరు పెట్టారు.

అత్తగారు కాఫీ కలుపుతూ మిగతాది వివరించింది. బట్టీ చుట్టూ మనుషులు తిరగరు. చెదలూ పురుగులూ పుష్కలం. కోళ్ళకు అంతకంటే స్వర్గం లేదు. చిక్కేమిటంటే కొన్ని పెట్టలు సాయంత్రం ఎంత పిలిచినా రాకుండా ఆ గూళ్ళలోనే పడుకోవడం మరిగాయి. కోడి ఇల్లు చేరాల్సిన వేళే అల్లుడు బయల్దేరే వేళ. పెట్టలు వరసగా మాయమవుతుంటే ఈ రాత్రి కాపు కాశారు.

"మరి అక్కడ దెయ్యముందంటారు," అన్నాడు ఈయన.

"ఉంటే ఉండనీండి. ఇన్నేళ్ళలో ఒక్క గుడ్డైనా ఎత్తుకుపోలేదు. అంతకంటే మంచి ఇరుగుపొరుగు ఎక్కడ దొరుకుతారు?"

భార్య గుడ్డ ముక్కా మందు సీసా తెచ్చి ఈయన ఎదురుగా కూర్చుంది. వేలి మీద నాలుగు పంటిగాట్లు. రక్తం ఇంకా ఊరుతోంది.

"ప్రాణానికి తెగించి కోడిని కాపాడారన్నమాట," అంది.

ఔనంటే సరిపోయేది. అత్తగారు మెచ్చుకోలుగా చూస్తోంది. డ్రిల్లు మాష్టారి కళ్ళలోనూ మొదటిసారి గౌరవం కనపడింది. ఔనన్న మాట నాలుక చివరిదాకా వచ్చిందని ఆయన నాతో చెప్పాడు.

"లేదు," అన్నాడు. "భయమేసింది. ఏదో ఒకటి పట్టుకోవాలనిపించింది. అది దొరికింది."

"అంతేనా?"

"అంతే... పట్టుకున్నాక మాత్రం వదలబుద్ధి కాలేదు. దాని గుండె నా చేతికింద కొట్టుకుంటోంది. నా గుండేదో దాని గుండేదో తెలియలేదు."

ఆమె గుడ్డ చుట్టడం ఆపింది. తల ఎత్తకుండానే అడిగింది:

"కోడే కదా?"

అత్తగారి చేతిలో చెంచా ఆగిపోయింది.

"కాదు," అన్నాడు ఆయన.

వేరే ఏమీ చేర్చలేదు. బస్సులో తయారుచేసుకున్నది చాలా పెద్ద వాక్యం. అందులో రెండు "ఎందుకంటే"లు, ఒక "అయినప్పటికీ" కూడా ఉన్నాయి. అవేవీ అక్కర్లేకపోయాయి.

ఆమె ఆపిన గుడ్డను మళ్ళీ చుట్టడం మొదలుపెట్టింది.

"చెయ్యి కదపకు," అంది. "నీకు ఈ మాత్రం కట్టు కూడా కుదురుగా కట్టించుకోవడం రాదు. పొద్దున బస్సుకు వెళ్దాం. ఆ ఎర్రపెట్టను కూడా తీసుకెళ్దాం. గడియ నేను పెడతాను."

నువ్వు. అమ్మ వింటుండగా, తమ్ముడు వింటుండగా — నువ్వు.

ఆయన జేబులోంచి కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకున్నాడు. గది అంతా ఒక్కసారిగా అంచులతో సహా స్పష్టంగా కనిపించింది. కాఫీ గ్లాసులు. తలుపు వెనక దుడ్డుకర్ర. నవ్వు ఆపుకోలేకపోతున్న బావమరిది.

"ఇంతకీ ఆ పేరే ఎందుకు పెట్టారు?" అని అడిగాడు ఆయన. మనసు తేలికపడ్డ మనిషి ఊరికే అడిగినట్టు అడిగాడు.

"చాలా సులువు బావా," అన్నాడు డ్రిల్లు మాష్టారు హుషారుగా. "చెప్పాపెట్టకుండా వస్తాడు. ఉన్నవాటిలో మంచి కోడినే ఏరుకుంటాడు. సుష్టుగా తింటాడు. పని అవగానే పత్తా ఉండడు. అందుకని అందరం ఆలోచించి..."

అక్కడ అతనికి తానేమంటున్నాడో వినపడింది. మెడలో ఈల తీసి దాన్ని శ్రద్ధగా పరిశీలించడం మొదలుపెట్టాడు.

ఈయన కాఫీ గ్లాసు కింద పెట్టాడు.

"ఆ పేరు," అన్నాడు నెమ్మదిగా, "మా పెళ్ళికి ముందు పెట్టారా... తరవాత పెట్టారా?"

 గోడ గడియారం గొంతు తగ్గించినట్టనిపించింది. భార్య మందు సీసా మూతను తిప్పుతోంది... తిప్పుతూనే ఉంది. డ్రిల్లు మాష్టారు ఈలలోకి ఒక కన్ను పెట్టి చూస్తున్నాడు.

అత్తగారు దగ్గింది.

"గూటి గడియ పడిందో లేదో చూసొస్తాను," అంటూ లేచి తలుపు తీసింది. టార్చి బల్లమీదే ఉంది. అది తీసుకోకుండా, చెప్పులైనా వేసుకోకుండా, ఆ కటిక చీకట్లో ఆమె బట్టీవైపు గబగబా నడిచి వెళ్ళిపోయింది.